రన్‌వే కనిపిస్తుండగానే రెండు చిన్న విమానాలు ఎలా ఢీకొంటాయి? అమ్మాయిని కెనడా పంపుతున్నాం, తెలిసినవాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అమ్మాయికి కెనడాలో పైలట్ ట్రైనింగ్ సీటు వచ్చింది. ఫీజు మొదటి వాయిదా కట్టేశాం, వీసా చేతికొచ్చింది, సూట్‌కేసు కూడా కొన్నాం. ఇంతలో మా తమ్ముడు 2025 జులై 8న మానిటోబాలో స్టెయిన్‌బాక్ అనే ఊరి దగ్గర జరిగిన ప్రమాదం వార్త పంపించాడు. ఒకే స్కూల్‌కి చెందిన రెండు సెస్నా విమానాలు, ఇద్దరూ స్టూడెంట్లే, ఇద్దరూ ఒంటరిగా టేకాఫ్, ల్యాండింగ్ ప్రాక్టీసు చేస్తున్నారు, రన్‌వేకి కొన్ని వందల మీటర్ల దూరంలో ఢీకొని ఇద్దరూ పోయారు. అబ్బాయి మన కేరళవాడు, 23 ఏళ్ళు. అమ్మాయి వయసు 20. రెండు విమానాల్లోనూ రేడియో ఉందట. పగలే జరిగింది. అంత ఆకాశం ఉండగా రెండు చిన్న విమానాలు ఒకే చోటికి ఎలా వస్తాయి? అమ్మాయిని ఆపమని సలహా ఇవ్వకండి, అది ఆగదు, ఆపాలని నాకూ లేదు. అసలు విషయం అర్థమైతే స్కూల్‌వాళ్ళని ఏం అడగాలో తెలుస్తుంది.

ధర్మాబాద్_పత్తి
అక్కా, చదివి మనసు పాడైంది. నాకు తెలిసింది తక్కువే గానీ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులో నేర్పే స్కూల్ అయితే ఈ గొడవ ఉండదు కదా? కంట్రోలర్ పైనుంచి చూస్తుంటాడు. ఊరిబయట స్ట్రిప్‌లకి ఎందుకు పంపడం?

బరంపురం_టవర్
అమ్మా, నేను ఏటీసీలో, అంటే టవర్‌లో కూర్చుని విమానాలకి సూచనలిచ్చే కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. మీ ప్రశ్నకి జవాబు ఇది. ఆకాశం పెద్దదే, కానీ రన్‌వే ఒకటే, దాని మీదకి దిగే దారి కూడా ఒకటే.

చిన్న విమానాలు రన్‌వే చుట్టూ ఒక పొడుగుచదరం గీసినట్టు తిరుగుతాయి, దాన్ని సర్క్యూట్ అంటాం. గాలికి ఎదురుగా లేచి, మామూలుగా ఎడమకి తిరిగి, నేల మీంచి సుమారు 1,000 అడుగుల ఎత్తుకి చేరి, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్తే అది డౌన్‌విండ్. మళ్ళీ ఎడమకి తిరిగితే బేస్, ఇంకోసారి తిరిగి రన్‌వేకి సూటిగా వస్తే ఫైనల్. లోకల్‌గా ప్రాక్టీసు చేసేవాడైనా, పక్క ఊరినుంచి వచ్చేవాడైనా, సొంత విమానం మీద సరదాకి తిరిగేవాడైనా ఆఖరికి ఆ ఫైనల్ గీత మీదకే రావాలి. జాతరకి ఏ ఊరినుంచి వచ్చినా గుడి ముందున్న సందులోకే దూరాల్సినట్టు. అందుకే చిన్న విమానాలు ఢీకొనడం ఎక్కువగా ఎయిర్‌పోర్టుల దగ్గరే, తక్కువ ఎత్తులో, మంచి ఎండలో, మబ్బు లేనప్పుడు జరుగుతుంది. చాలామంది మబ్బులో, రాత్రిపూట జరుగుతుందనుకుంటారు. మంచి వాతావరణంలోనే కదా ట్రైనీలూ, సరదా పైలట్లూ అందరూ ఒకేసారి పైకి లేచేది!

ధర్మాబాద్ బాబూ, టవర్ ఉంటే మేలే, కాదనను. కానీ చిన్న ఫీల్డ్‌లో కంట్రోలర్ పని ఎవరు ముందు, ఎవరు వెనక అని వరస చెప్పడం, రన్‌వే ఖాళీ చూడడం. మంచి వాతావరణంలో కళ్ళతో చూసి ఎగిరేవాడికి పక్క విమానాన్ని చూసి తప్పుకునే బాధ్యత అతనిదే. టవర్ ఉన్నా అంతే.

గుణుపురం_డల్లాస్
గురువుగారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను గుణుపురంవాడిని, ఇక్కడ అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకుని వీకెండ్లలో ఎగురుతుంటాను. టవర్ ఉన్నచోట జరిగినవి చెప్తాను, ధర్మాబాద్ అన్నకి అర్థమవుతుంది.

2022 జులై 17, నార్త్ లాస్‌వేగాస్. పక్కపక్కనే సమాంతరంగా రెండు రన్‌వేలు, 30 లెఫ్ట్, 30 రైట్. పైపర్ మాలిబూ అనే చిన్న విమానానికి టవర్ లెఫ్ట్ ఇచ్చింది, పైలట్ రేడియోలో ఆ మాటే సరిగ్గా తిరిగి చెప్పాడు, కానీ తిరగడం మాత్రం రైట్ వైపుకి తిరిగాడు. అక్కడ అప్పటికే సెస్నా 172 దిగుతోంది. నలుగురు పోయారు.

2021 మే 12, డెన్వర్ పక్కన సెంటెన్నియల్ ఎయిర్‌పోర్టు. అక్కడ కూడా టవర్ ఉంది, జంట రన్‌వేలే. సిర్రస్ విమానం వేగం ఎక్కువై మలుపు దాటిపోయి పక్క రన్‌వే ఫైనల్లోకి దూసుకెళ్ళి మెట్రోలైనర్ అనే రెండింజన్ల విమానాన్ని గుద్దింది. సిర్రస్‌కి విమానం మొత్తాన్ని మోసే పారాచూట్ ఉంటుంది, దాంతో దిగారు. మెట్రోలైనర్ వీపు చీలిపోయి లోపలి భాగం బయటికి కనిపిస్తున్నా పైలట్ దాన్ని దించాడు. ఎవరికీ గీత కూడా పడలేదు.

ఇంకా పాతది, 1978 సెప్టెంబరు 25, శాన్‌డియేగో. దిగబోతున్న బోయింగ్ 727కి ముందు సెస్నా ఉందని కంట్రోలర్ చెప్పాడు, సిబ్బంది చూశామన్నారు, తర్వాత అది కనబడకుండా పోయింది. కనబడటం లేదన్న సంగతి కంట్రోలర్‌కి స్పష్టంగా చేరలేదు. నేల మీద ఉన్నవాళ్ళతో కలిపి 144 మంది పోయారు.

ఇక టవర్ లేనిది, 2022 ఆగస్టు 18, కాలిఫోర్నియాలో వాట్సన్‌విల్. సెస్నా 152లో ఒక్కడే సర్క్యూట్లు కొడుతున్నాడు. దూరం నుంచి రెండింజన్ల సెస్నా 340 స్ట్రెయిట్-ఇన్‌గా, అంటే సర్క్యూట్‌లో కలవకుండా సూటిగా వస్తున్నానని రేడియోలో చెప్పింది. ఇద్దరూ చెప్పుకుంటూనే ఉన్నారు. కానీ 340 సుమారు 180 నాట్ల, అంటే గంటకి 330 కి.మీ. పైగా వేగంతో వచ్చేసింది, అది దిగే వేగం కానే కాదు. ముగ్గురు పోయారు. మాట్లాడుకుంటూనే ఢీకొన్నారు చూడండి, నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

రాయగడ_లెక్కలు
హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కళ్ళున్నాయి కదా, చూసి తప్పుకోవచ్చు కదా అని అందరికీ వచ్చే అనుమానం నాకూ వచ్చింది, కూర్చుని లెక్క వేశాను.

రెండు విమానాలు 100 నాట్ల చొప్పున ఎదురెదురుగా వస్తున్నాయి అనుకోండి. ఒక్కొక్కటి గంటకి 185 కి.మీ. రెండూ దగ్గరపడే వేగం 370 కి.మీ., అంటే సెకనుకి 103 మీటర్లు. ఎదుటి వస్తువు కంటపడి, అది విమానమని గుర్తుపట్టి, గుద్దుకుంటామని తెలిసి, ఎటు తిప్పాలో నిర్ణయించుకుని, చెయ్యి కదిపి, విమానం తిరగడం మొదలవడానికి అన్నీ కలిపి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తన సలహా పత్రంలో రాసింది. ఆ 12.5 సెకన్లలో దాదాపు 1,285 మీటర్లు కరిగిపోతాయి. అంటే కిలోమీటరుంపావు అవతలే కనబడి తీరాలి.

ఇప్పుడు అంత దూరంలో ఎంత కనబడుతుంది? సెస్నా 172 రెక్క ఆ చివర్నుంచి ఈ చివరికి 11 మీటర్లు. చెయ్యి చాపి స్కేలు పట్టుకుంటే అది అర సెంటీమీటరు గీత. మధ్యలో ఉండే బాడీ మిల్లీమీటరు కూడా ఉండదు. నేపథ్యంలో ఇళ్ళు, పొలాలు, చెట్లు. అది మీ కంట పడాలంటే మీరు సరిగ్గా అటువైపే చూస్తుండాలి.

ఇంకోటి. రెండు విమానాలూ వేగం, దిశ మార్చకుండా వచ్చి ఒకే బిందువు దగ్గర కలుస్తాయనుకుంటే, ఒకదాన్నుంచి చూస్తే రెండోది అద్దంలో ఒకేచోట నిలబడి ఉంటుంది. త్రిభుజం గీసి చూడండి, భుజాలు కురచవుతాయి, కోణాలు మారవు. మన కన్ను కదిలేదాన్ని చప్పున పట్టుకుంటుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. గుద్దబోయే విమానమే కదలకుండా కనిపిస్తుంది, గుద్దనిది అద్దం మీద జరుగుతూ పోతుంది. చివరి రెండు మూడు సెకన్లలో అది ఒక్కసారిగా పెద్దదవుతుంది, అప్పటికి ఇక చేసేదేం ఉండదు. ఈ లెక్క పదో తరగతి పిల్లలకి చెప్పాలనిపించింది.

మహేంద్రతనయ
మాస్టారూ, మీరు రాసింది అమ్మాయికి చదివి వినిపించాను. నిశ్శబ్దంగా విని కాగితం తీసుకుని త్రిభుజం గీసింది. నాకు టెన్షన్ పెరిగినా ఇప్పుడు కనీసం విషయం తెలుస్తోంది.

జయపురం_ఘాట్‌రోడ్డు
మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఉడాన్‌లో వచ్చే తొమ్మిది సీట్ల కారవాన్ విమానాన్ని మా ఊళ్ళో పిల్లలంతా గుర్తుపడతారు. నా అనుమానం ఒకటే. చర్ఖీ దాద్రీ దగ్గర రెండు పెద్ద విమానాలు ఢీకొన్న తర్వాత మన దేశంలో టీక్యాస్ తప్పనిసరి చేశారని చదివాను. ఎదుటి విమానం దగ్గరికొస్తే పైకెళ్ళు, కిందికెళ్ళు అని యంత్రమే చెప్తుందట. అది ట్రైనింగ్ విమానాలకి ఎందుకు పెట్టరు?

బరంపురం_టవర్
మంచి ప్రశ్న బాబూ. 1996 నవంబరు 12 నా తరంవాళ్ళు ఎవరూ మర్చిపోరు. సౌదీ జంబో పైకి ఎక్కుతోంది, కజక్ ఇల్యూషిన్ ఢిల్లీకి దిగుతోంది. 15,000 అడుగుల దగ్గర ఆగమంటే కజక్ విమానం దాన్ని దాటి కిందికి వచ్చేసింది. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాతే టీక్యాస్ తప్పనిసరి, ఢిల్లీలో వచ్చే దారి, పోయే దారి వేరు చేయడం, ఇవన్నీ వచ్చాయి.

కానీ టీక్యాస్ పెద్ద విమానాల కోసం తయారైనది. ఖరీదూ, బరువూ ఒక ఎత్తు. అది పైకెక్కు అంటే వెంటనే ఎక్కే శక్తి విమానానికి ఉండాలి, సెస్నా 152కి అంత బలం ఎక్కడిది? ఇంకా ముఖ్యమైనది, నేలకి సుమారు 1,000 అడుగుల కంటే కిందకి వస్తే టీక్యాస్ ఆ ఆదేశాలు ఇవ్వడం మానేస్తుంది, నేలకి కొట్టుకోకుండా ఉండడానికి. మనం మాట్లాడుకుంటున్న సర్క్యూట్ అంతా ఆ ఎత్తులోనే ఉంటుంది. పైగా ఎదుటి విమానంలో ట్రాన్స్‌పాండర్, అంటే రాడార్ అడిగితే జవాబిచ్చే రేడియో పెట్టె, పనిచేస్తుంటేనే ఇది దాన్ని పట్టుకోగలదు.

1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ పట్టణం మీద ఏరోమెక్సికో డీసీ-9నీ చిన్న పైపర్‌నీ అలాగే పోగొట్టుకున్నారు. పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది గానీ ఎత్తు చెప్పేది కాదు. అడగకుండా కంట్రోల్డ్ గగనతలంలోకి వచ్చింది. నేల మీద 15 మందితో కలిపి 82 ప్రాణాలు. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 నాటికల్ మైళ్ళలో ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ ఉండాలన్న నిబంధన అమెరికాలో ఆ తర్వాత వచ్చిందే.

సిరొంచ_రెక్కలు
నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. మన దేశంలోనే ఒక స్కూల్లో సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం ట్రైనింగ్ చేస్తున్నాను, పేరు వద్దు. మా వైపు పిల్లలు గోండియా దగ్గర బిర్సీకీ, చంద్రపూర్ దగ్గర మోర్వాకీ ట్రైనింగ్ కోసం చూస్తుంటారు, ఒడిశావాళ్ళకి ఢెంకనాల్ జిల్లా బిరాసాల్ ఉంది, కాబట్టి ఇది కెనడా సంగతి మాత్రమే అనుకోకండి.

నాకు ఎదురైంది చెప్తాను. డ్యూయల్ ఫ్లైట్, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. మేం డౌన్‌విండ్‌లో ఉన్నాం. వెనకనుంచి ఇంకో విమానం డౌన్‌విండ్ అని కాల్ ఇచ్చాడు. వెనక ఉన్నాడు కదా, ముందు మనమే అనుకుని బేస్‌కి తిరగబోతుంటే సార్ కంట్రోల్స్ లాక్కుని రెక్క ఎత్తి చూశారు. అతను మాకు వెనక లేడు. మా లోపలివైపు, మాకంటే కొంచెం కింద, ముందుగానే తిరిగేస్తున్నాడు. అతని కాల్‌కీ అతని స్థానానికీ సంబంధమే లేదు. అప్పటివరకు సెస్నాకి రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద అంతా బాగా కనబడుతుందని ధీమాగా ఉండేది. ఎడమకి తిరిగేటప్పుడు ఆ ఎడమ రెక్కే కిందికి వాలి, మనం ఎటు వెళ్ళబోతున్నామో ఆ దిక్కునే మూసేస్తుంది. రెక్క కింద ఉండే పైపర్ లాంటివాటికి కింద ఏముందో కనబడదు. కాబట్టి ఫైనల్లో పైన పైపర్, కింద సెస్నా ఉంటే ఒకరికొకరు అస్సలు కనబడరు. తిరిగే ముందు రెక్క ఎత్తి చూడాలన్నది ఆ రోజు నా ఒంట్లోకి దిగింది.

రేడియో గురించి ఇంకో మాట. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే గీ అని శబ్దం వస్తుంది, ఎవరిదీ వినబడదు. కాల్ ఇచ్చినవాడికి తన మాట వెళ్ళలేదన్న సంగతి కూడా తెలియదు. రద్దీ ఫ్రీక్వెన్సీలో, కొత్త సోలో స్టూడెంట్లు, అంటే ఒంటరిగా ఎగిరేవాళ్ళు ఉన్నప్పుడు ఇది చాలా మామూలు.

గుణుపురం_డల్లాస్
అందుకే నేను ఏడీఎస్-బీ అంటాను. ఆ పరికరం ఉన్న ప్రతి విమానం తన జీపీఎస్ స్థానాన్ని సెకనుకోసారి ప్రసారం చేస్తుంది, అది అవుట్. మన విమానంలో రిసీవర్, ట్యాబ్ ఉంటే చుట్టూ ఎవరున్నారో తెర మీద కనిపిస్తుంది, అది ఇన్. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి రద్దీ గగనతలంలో అవుట్ తప్పనిసరి. ఇన్ మాత్రం తప్పనిసరి కాదు, నా దృష్టిలో పెద్ద లోపం అదే. చిన్న రిసీవర్ జేబులో పట్టేంత ఉంటుంది, విమానం ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. కెనడాలో ఊరి స్ట్రిప్‌ల దగ్గర ఆ నిబంధన కూడా లేదు కాబట్టి స్కూల్ తనంతట తానే పెట్టిందా లేదా అని అడగాలి.

బరంపురం_టవర్
బాబూ, నీ మాట కొట్టిపారేయను గానీ సర్క్యూట్‌లో ఉన్న ట్రైనీ ట్యాబ్ చూస్తూ కూర్చుంటే నాకు భయం. అప్పటికే వేగం, ఎత్తు, ఫ్లాప్స్, రేడియో, గాలి అన్నీ చూసుకోవాలి. తల లోపల పెడితే బయట చూసేదెవరు? తెరలో ఉన్నవాటినే నమ్మితే ట్రాన్స్‌పాండర్ లేనివాడో, ఆపేసుకున్నవాడో ఖాళీ ఆకాశంలాగే ఉంటాడు. నా రోజుల్లో నేర్పింది, ఆకాశాన్ని పది డిగ్రీల ముక్కలుగా కోసి ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను కన్ను ఆపి చూడమని. కన్ను జారుస్తూ పోతే చూసినట్టు కాదు.

గుణుపురం_డల్లాస్
గురువుగారూ, మీరు ఒప్పుకోకపోయినా ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో మంగళూర్ అనే ఫీల్డ్ ఉంది, మన మంగళూరు కాదు. 2020 ఫిబ్రవరి 19న అక్కడ రెండు ట్రైనింగ్ విమానాలు ఢీకొని నలుగురు పోయారు. ఒకదాని గురించి ఇంకోదానికి కంట్రోలర్ ముందే చెప్పాడు కూడా. తర్వాత అక్కడి దర్యాప్తు సంస్థ అద్దాల్లోంచి ఎప్పుడు కనబడి ఉండేదో, తెర ఉంటే ఎప్పుడు హెచ్చరిక వచ్చేదో లెక్కగట్టింది. తెర చాలా ముందు చెప్పి ఉండేది. రాయగడ మాస్టారి 12.5 సెకన్లు చదివాక కళ్ళు చాలని ఎలా అనగలం?

2018 జులై 17న మయామీ దగ్గర ఎవర్‌గ్లేడ్స్ మీద ఒకే స్కూల్ విమానాలు రెండు గుద్దుకుని నలుగురు పోయారు, అందులో 19 ఏళ్ళ భారతీయ అమ్మాయి ఉంది. అందరూ చూస్తూనే ఉండి ఉంటారు కదా.

సిరొంచ_రెక్కలు
ఇద్దరూ కరెక్టే, నేను అటూ ఇటూ రెండూ వాడాను కాబట్టి చెప్తాను. సర్క్యూట్‌కి బయట, ట్రైనింగ్ ఏరియాలో, ఫీల్డ్‌కి వస్తున్నప్పుడు తెర ప్రాణం కాపాడుతుంది. అటు నుంచి ఒకడు వస్తున్నాడు అని తెలిస్తే అటే చూస్తాం, ఎక్కడ చూడాలో తెలిస్తే కన్ను తొందరగా పట్టుకుంటుంది. హెడ్‌సెట్‌లో గొంతుతో రెండు గంటల దిక్కు (గడియారంలో రెండు ఉండే వైపు), కొంచెం పైన అని చెప్పేవి ఇంకా మంచివి, తల దించక్కర్లేదు. సర్క్యూట్ లోపల మాత్రం ఐదు విమానాలుంటే అది ఊరుకోకుండా అరుస్తూనే ఉంటుంది, కొందరు విసుగొచ్చి కట్టేస్తారు. అక్కడ పనిచేసేది సరైన కాల్, ఒకే పద్ధతి, తక్కువ విమానాలు. గుణుపురం అన్నా, దీనికి ఒప్పుకుంటారా?

గుణుపురం_డల్లాస్
తక్కువ విమానాలు అన్నదానికి పూర్తిగా ఒప్పుకుంటాను తమ్ముడూ. కట్టేయడానికి ఒప్పుకోను.

ధర్మాబాద్_పత్తి
ఇదంతా చదివాక ఒకటి అర్థమైంది, సర్క్యూట్‌లో ఒకేసారి ఎంతమందిని వదలాలన్నది స్కూల్ చేతిలోనే ఉంది. బోలెడు ఫీజు తీసుకుని గంటలు నింపాలని వరసగా అందరినీ లేపితే అది పిల్లల తప్పు ఎలా అవుతుంది? ఎవరు మొదట తప్పు చేశారని జనం పిల్లల మీదే పడతారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మహేంద్రతనయ
తమ్ముడూ, సరిగ్గా నా మనసులో మాట అన్నావు. అందరూ చెప్పింది కలిపి స్కూల్‌కి మెయిల్ రాశాను. సర్క్యూట్‌లో ఒకేసారి ఎన్ని విమానాలు అనుమతిస్తారు, సోలో స్టూడెంట్లు ఉన్నప్పుడు ఆ సంఖ్య తగ్గిస్తారా, ఆ టైములో నేల మీద ఒక ఇన్‌స్ట్రక్టర్ రేడియో వింటూ చూస్తుంటాడా, విమానాల్లో ఏడీఎస్-బీ ఇన్ ఉందా, పగలు కూడా ల్యాండింగ్ లైట్లు వేసే ఎగురుతారా, బయటివాళ్ళు స్ట్రెయిట్-ఇన్‌గా వస్తే మీ స్టూడెంట్‌కి ఏం చెయ్యమని నేర్పుతారు అని. ఇంకేమైనా కలపాలా?

బరంపురం_టవర్
చాలా బాగా రాశారమ్మా. ఒకటి కలపండి. స్టూడెంటు ఇబ్బందిగా అనిపించి ల్యాండింగ్ మానుకుని వస్తే మందలిస్తారా, మెచ్చుకుంటారా అని. జవాబులో తడబడితే అనుమానించాల్సిందే.

మహేంద్రతనయ
కలిపి పంపేశాను. సగానికి జవాబు వెంటనే వచ్చింది. సోలో ఉన్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ రేడియో దగ్గర ఉంటారట, లైట్లు ఎప్పుడూ వేసే ఉంచుతారట. ఏడీఎస్-బీ సగం విమానాల్లోనే ఉందట. మా అమ్మాయి వెంటనే అయితే ఉన్న విమానమే నాకివ్వమని అడుగుతా అంది. సర్క్యూట్‌లో ఎన్ని అన్నదానికి ఇంకా చెప్పలేదు, ఆ జవాబు వచ్చేదాకా రెండో వాయిదా కట్టను.

తను అడగమన్న ప్రశ్న ఒకటి ఉంది. ఫైనల్లో ఉండగా ముందు ఇంకో విమానం కనబడితే, లేదా ఎక్కడుందో తెలియకపోతే, టవర్ లేనిచోట ఎవర్ని అడిగి పైకి వెళ్ళాలి?

సిరొంచ_రెక్కలు
ఎవర్నీ అడగక్కర్లేదని చెప్పండి ఆంటీ. అనుమానం వస్తే చాలు, గో అరౌండ్, అంటే దిగడం మానుకుని మళ్ళీ పైకెక్కడం. పవర్ పూర్తిగా పెట్టి విమానాన్ని స్థిరంగా ఎక్కించాలి, తర్వాతే రేడియోలో చెప్పాలి. ఎక్కేటప్పుడు రన్‌వే మీదుగా సూటిగా వెళ్ళకూడదు, ఎందుకంటే కిందినుంచి ఇంకొకడు లేస్తుండొచ్చు, అతను మన ముక్కు కింద కనబడడు. ఎడమ సర్క్యూట్ అయితే కొంచెం కుడికి జరిగి ఎక్కాలి. ఎడమ సీట్లో కూర్చునే తనకి రన్‌వే, దాని మీదున్న విమానం రెండూ ఎడమ కిటికీలోంచి కనబడతాయి. అది కనబడుతున్నంతసేపూ దాన్ని వదలకుండా చూసుకుంటూ వెళ్ళి, మళ్ళీ సర్క్యూట్‌లో దాని వెనక చేరాలి. మొదటి సోలోకి ముందు ఇది ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని కాగితం మీద గీసుకుని, తర్వాత గాల్లో చేసి చూడమనండి.